అమోరిమ్ తొలి సీజన్: 27 మ్యాచ్‌లు, 27 పాయింట్లు. తప్పు 3-4-2-1దా, ఆడినవాళ్లదా?

కృష్ణాతీరం_10 | 20 జూన్ 2025

మాంచెస్టర్ యునైటెడ్ 2024-25 లీగ్ లెక్క ముందు పెడతాను, తిట్లు తర్వాత మొదలెట్టుకోవచ్చు. 38 మ్యాచ్‌లు, 11 గెలుపులు, 9 డ్రాలు, 18 ఓటములు. 44 గోల్స్ కొట్టి 54 ఇచ్చుకున్నారు. 42 పాయింట్లతో 15వ స్థానం. 1973-74లో రెండో డివిజన్‌కి పడిపోయాక ఇంత కిందికి ఎప్పుడూ రాలేదు.

దీన్ని ఆ సీజన్ ముగ్గురు కోచ్‌లకు పంచితే:

టెన్ హాగ్: 9 మ్యాచ్‌లు, 11 పాయింట్లు (3 గెలుపు, 2 డ్రా, 4 ఓటమి), గోల్స్ 8-11
వాన్ నిస్టల్‌రాయ్ (తాత్కాలికం): 2 మ్యాచ్‌లు, 4 పాయింట్లు, గోల్స్ 4-1
అమోరిమ్: 27 మ్యాచ్‌లు, 27 పాయింట్లు (7 గెలుపు, 6 డ్రా, 14 ఓటమి), గోల్స్ 32-42

అంటే తీసేసిన కోచ్ మ్యాచ్‌కి 1.22 తెస్తే, వచ్చినాయన సరిగ్గా 1 తెచ్చాడు. పైగా ఆ 27లో 10 పాయింట్లు కింది డివిజన్‌కి పోయిన మూడు జట్ల మీద నాలుగు మ్యాచ్‌ల్లో వచ్చినవే (ఇప్స్‌విచ్‌తో రెండు, సౌతాంప్టన్, లెస్టర్). వాటిని పక్కన పెడితే 23 మ్యాచ్‌ల్లో 17 పాయింట్లు.

నా వాదన ఇదీ: ఫార్మేషన్‌ని (3-4-2-1 అంటే వెనక ముగ్గురు, మధ్యలో నలుగురు, వాళ్ల ముందు "10" అనే ఇద్దరు దాడి ఆటగాళ్లు, అందరికన్నా ముందు ఒక స్ట్రైకర్) తిట్టడం తేలిక. కానీ అందులో మూడు స్థానాలకు తగిన మనిషే జట్టులో లేడు. ఎడమ వింగ్‌బ్యాక్ (పక్క గీత పొడవునా ముందుకీ వెనక్కీ ఆడేవాడు), మధ్యలో ఆడే జోడీ, ముందు స్ట్రైకర్. మిగతా గోలంతా ఈ మూడింటి నుంచే పుట్టింది. కాదనేవాళ్లు మ్యాచ్ పేరు, నిమిషం చెప్పి కాదనండి. "ప్యాషన్ లేదు" బాపతు పోస్టులకు వేరే దారం (థ్రెడ్) ఉంది.

---

ఆఫ్‌సైడ్ అప్పారావు | 20 జూన్

మూడు స్థానాలకు మనుషుల్లేరని తెలిసి కూడా అదే ఆడించినాయన్ని ఏమనాలి గురూ? పాత క్లబ్, పోర్చుగల్ స్పోర్టింగ్‌లో రెండు టైటిళ్లు (2020-21, 2023-24) తెచ్చిపెట్టిన పద్ధతి కాబట్టి ఆయనకు ముద్దు. కానీ నవంబర్‌లో చేతికొచ్చిన జట్టు నాలుగు డిఫెండర్ల ఆట కోసం కొన్న జట్టు. వింగర్లు నలుగురైదుగురు, వింగ్‌బ్యాక్ ఒక్కడూ లేడు. గార్నాచోని లోపలికి తెచ్చి 10 చేశారు, అతనికి బలం పక్క గీత దగ్గర. రాష్‌ఫోర్డ్ విల్లాకి, ఆంటొనీ బెటిస్‌కి లోన్ మీద పోయి ఇద్దరూ బాగానే ఆడారు. ఉన్నవాళ్లకు తగ్గట్టు 4-2-3-1 పెట్టి మే దాకా లాక్కొచ్చి, వేసవిలో మార్చుకుంటే కొంప మునిగేదా?

---

లెక్కల మాస్టారు | 20 జూన్

ఒక లెక్క కలుపుతాను. అమోరిమ్ 27 లీగ్ మ్యాచ్‌లను తొలి గోల్ ఎవరిదన్న దాన్ని బట్టి విడదీశాను.

తొలి గోల్ మనది: 8 మ్యాచ్‌లు. 4 గెలుపు, 3 డ్రా, 1 ఓటమి (బ్రెంట్‌ఫోర్డ్ 3-4). 15 పాయింట్లు.
అసలు గోలే లేనిది: 1 (సిటీతో 0-0). 1 పాయింట్.
తొలి గోల్ అవతలివాళ్లది: 18 మ్యాచ్‌లు. 3 గెలుపు, 2 డ్రా, 13 ఓటమి. 11 పాయింట్లు.

27లో 18 సార్లు వెనకబడ్డారు. వాటిలో ఐదు సార్లు తొలి 5 నిమిషాల్లోనే: ఫారెస్ట్ (మిలెంకోవిచ్, 2వ నిమిషం), న్యూకాసిల్ (ఇసాక్, 4), బ్రైటన్ (మింటె, 5), ఇప్స్‌విచ్ (ఫిలోజీన్, 4), మళ్లీ ఫారెస్ట్ (ఎలాంగా, 5). ఇంకో లెక్క, 11 మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా కొట్టలేదు.

ఈ రెండూ కలిపి చూడాలి. వెనకబడితే అవతలి జట్టు వెనక్కి జరిగి కూర్చుంటుంది. కూర్చున్న జట్టును విడదీయడం ఈ జట్టుకు చేతకాదు. కాబట్టి నా దృష్టిలో మొదటి జబ్బు మొదటి పావుగంట. మనుషుల కొరత దాని తర్వాతే.

---

ఎడమకాలు | 21 జూన్

మాస్టారూ, ఆ మొదటి పావుగంట జబ్బుకి కారణం కూడా మధ్యలోనే ఉంది. డిసెంబర్ 30న న్యూకాసిల్ మ్యాచ్ పెట్టుకు చూడండి. ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

బ్రూనో ఫెర్నాండెస్ ముందు మ్యాచ్‌లో వుల్వ్స్ దగ్గర రెడ్ కార్డు తిన్నాడు. ఉగార్టేకి ఎల్లో కార్డులు నిండాయి. దాంతో మధ్యలో కాసెమీరో, ఎరిక్సన్. అవతల టొనాలి, గిమరాయెస్, జోయెలింటన్. ముగ్గురికి ఇద్దరు. 3-4-2-1లో ఆ మూడోవాణ్ణి ఎవరు పట్టుకోవాలన్నదే అసలు ప్రశ్న. జవాబులు మూడే ఉన్నాయి.

ఒకటి, ఇద్దరు 10లలో ఒకడు వెనక్కి దిగాలి. దిగితే అవతలి సెంటర్‌బ్యాక్ ఖాళీగా బంతి తీసుకుని ముందుకు నడుస్తాడు.

రెండు, ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లలో పక్కవాడు ఒకడు ముందుకు దూకాలి. లిసాండ్రో మార్టినెజ్ ఈ పని బాగా చేస్తాడు. కానీ దూకినవాడి వెనక ఖాళీని వింగ్‌బ్యాక్ లోపలికి వచ్చి మూయకపోతే అక్కడికే బంతి వస్తుంది.

మూడు, వింగ్‌బ్యాక్‌లు కదలకుండా వెనకే నిలబడి ఐదుగురి వరస కట్టాలి. అప్పుడు అవతలి ఫుల్‌బ్యాక్‌కి కావలసినంత తీరిక, క్రాస్ మీద క్రాస్ వేస్తాడు.

ఆ రాత్రి ముందుది కాదు, వెనకదీ కాదు, మధ్యస్థంగా ఆడారు. 10లు ప్రెస్‌కి (బంతి ఉన్నవాడి మీద పడి లాక్కోవడానికి) వెళ్లారు, వెనక ఐదుగురు కదల్లేదు. రెండు వరసల మధ్య ముప్పై గజాల మైదానం ఇద్దరు పెద్ద వయసు మిడ్‌ఫీల్డర్ల నెత్తిన పడింది. 4వ నిమిషంలో ఇసాక్, 19లో జోయెలింటన్, రెండూ క్రాస్‌ల మీద తలతో కొట్టినవే. 33వ నిమిషంలో జిర్క్‌జీని తీసేసి మైనూని దింపి మధ్యలో ముగ్గుర్ని చేశాక మళ్లీ గోల్ పడలేదు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో సొంత జనం ఆ మార్పుకి చప్పట్లు కొట్టడం జిర్క్‌జీకి అన్యాయం, తప్పు అతనిది కాదు. అయినా ఆ మార్పే చెబుతోంది, కోచ్‌కి జబ్బు తెలుసు.

---

సీతాఫల్మండి_స్వీపర్ | 21 జూన్

గట్లైతే ముందే ముగ్గురిని పెట్టొచ్చు గదా అన్నా? 3-5-2 ఆడితే ఏమైతుండె? ఒక 10ని తీసి మిడ్‌ఫీల్డ్ల పెడితే అయిపోయె. జబ్బు తెల్సినంక మందెందుకు ఇయ్యలే?

---

ఎడమకాలు | 21 జూన్

ఇవ్వచ్చు అన్నా, ఇచ్చినా నష్టముంది. ముందు ఇద్దరే ఉంటే అవతలి నలుగురి వెనక వరసను ప్రెస్ చేయడం కష్టం, ఫుల్‌బ్యాక్‌లు ఇద్దరూ ఖాళీ. వాళ్ల మీదికి వింగ్‌బ్యాక్‌లు దూరం నుంచి పరుగెత్తాలి. నలభై గజాల పరుగు మ్యాచ్‌కి ఇరవై సార్లు. డాలో, మజ్రావీ అప్పటికే వారానికి రెండు మ్యాచ్‌లు ఆడుతున్నారు.

---

కృష్ణాతీరం_10 | 21 జూన్

వింగ్‌బ్యాక్ సంగతి వచ్చింది కాబట్టి నా మొదటి స్థానం గురించి కొంచెం.

ఎడమవైపు డాలో. కుడికాలివాడు. గీత దగ్గర బంతి అందగానే మొదటి టచ్ లోపలికే. ఆ టచ్‌తో మూడు నష్టాలు. క్రాస్ వేసే కోణం మూసుకుపోతుంది. ఎడమవైపు 10 ఆడేవాడు నిలబడిన చోటికే ఇతనూ వచ్చి పడతాడు, ఇద్దరినీ ఒకే డిఫెండర్ చూసుకుంటాడు. ఇక అవతలి కుడి ఫుల్‌బ్యాక్‌కి తన వెనక ఎవరూ పరుగెత్తరని తెలిసిపోతుంది, ధైర్యంగా ముందుకు వస్తాడు. చివరికి బంతి వెనక్కి సెంటర్‌బ్యాక్ దగ్గరికి, అక్కణ్ణుంచి అవతలి పక్కకి. ఇలా గంటసేపు గుర్రపు నాడా ఆకారంలో బంతి తిరిగిన మ్యాచ్‌లు ఎన్నో.

అందుకే జనవరి ట్రాన్స్‌ఫర్ విండోలో ఇటలీ క్లబ్ లెచ్చె నుంచి డోర్గుని తెచ్చారు. ఎడమకాలు, పరుగు, ఇరవై ఏళ్లు. కానీ తొలి నెలలోనే ఇప్స్‌విచ్ మీద 43వ నిమిషంలో రెడ్ కార్డు. ఆ మ్యాచ్‌లో మొదటి గోల్ కూడా అతనికీ ఒనానాకీ మాట కలవక ఇచ్చుకున్నదే. పదిమందితో 3-2 గెలిచారు, మెగ్వాయిర్ పుణ్యం. కుర్రాడు పనికొస్తాడు, కానీ సీజన్ మధ్యలో దిగి వెంటనే నిలబెట్టే రకం కాదు.

కుడివైపు అమాద్. సగం రోజులు వింగ్‌బ్యాక్, సగం రోజులు 10. లీగ్‌లో 8 గోల్స్, అందులో సౌతాంప్టన్ మీద 82వ నిమిషం నుంచి మూడు. ఫిబ్రవరి మధ్యలో చీలమండ పోయింది.

---

లెక్కల మాస్టారు | 21 జూన్

అమాద్ లేని 10 లీగ్ మ్యాచ్‌ల్లో (స్పర్స్, అంటే టోటెన్‌హామ్, నుంచి బోర్న్‌మౌత్ దాకా) 10 పాయింట్లు. ఉన్న 17లో 17. మంచి ఆటగాడే, కానీ "అమాద్ ఉండి ఉంటే" అన్న వాదన పట్టిక ముందు నిలబడదు.

---

కృష్ణాతీరం_10 | 21 జూన్

ఆ పదిలో ఇప్స్‌విచ్, లెస్టర్ ఉన్నాయి మాస్టారూ. ఆరు పాయింట్లు అవే.

---

లెక్కల మాస్టారు | 21 జూన్

ఉన్న పదిహేడులో సౌతాంప్టన్, ఇప్స్‌విచ్ ఉన్నాయి. నాలుగు పాయింట్లు. తేడా రెండు.

---

డల్లాస్_డిఫెండర్ | 22 జూన్

ఎవరూ వుల్వ్స్ పేరెత్తడం లేదేంటండీ? సరిగ్గా పోల్చదగ్గ జట్టు అదే కదా. విటోర్ పెరేరా కూడా పోర్చుగీసే, ఆయనా సీజన్ మధ్యలో డిసెంబర్‌లో వచ్చాడు, ఆయనా వెనక ముగ్గురితోనే ఆడించాడు. వచ్చేటప్పటికి వుల్వ్స్ 16 మ్యాచ్‌ల్లో 9 పాయింట్లు, 19వ స్థానం. తర్వాత 22 మ్యాచ్‌ల్లో 33 పాయింట్లు. చివరికి 42. యునైటెడ్‌కి కూడా 42. గోల్స్ తేడా వల్ల మనం 15, వాళ్లు 16. పైగా మనల్ని రెండు సార్లూ ఓడించారు, 2-0, 1-0.

కాబట్టి "మధ్యలో వచ్చిన కోచ్‌కి ఈ పద్ధతి నేర్పడం కుదరదు" అనడం చెల్లదు.

---

కృష్ణాతీరం_10 | 22 జూన్

అన్నా, మీరు నా పక్షాన వాదిస్తున్నారు. వుల్వ్స్‌లో సెమెడో కుడి, ఐట్-నూరి ఎడమ. పుట్టు వింగ్‌బ్యాక్‌లు. మధ్యలో ఆంద్రె, జోవావ్ గోమెస్, ఇద్దరూ పరుగెత్తేవాళ్లే. ముందు స్ట్రాండ్ లార్సెన్ 14 లీగ్ గోల్స్, పక్కన 10గా కున్యా 15. మన హొయ్‌లుండ్, జిర్క్‌జీ ఇద్దరూ కలిపి లీగ్‌లో కొట్టింది 7 (4+3). మూడు స్థానాలూ నిండుగా ఉన్నాయి కాబట్టే ఆయనకు పనయింది.

ఇంకోటి. వుల్వ్స్‌కి యూరప్ పోటీలు లేవు, వారానికి ఒక మ్యాచ్. వాళ్ల వరస ఆరు గెలుపుల్లో సౌతాంప్టన్, ఇప్స్‌విచ్, లెస్టర్ మూడూ ఉన్నాయి. ఆ మూడూ అందరికీ పండగ భోజనమే ఈ ఏడాది.

---

సిరిసిల్ల_స్ట్రైకర్ | 22 జూన్

నేను కొత్త. ఒక డౌట్. హొయ్‌లుండ్‌ని అందరూ తిడుతున్నారు, అసలు తప్పు ఏంది? బంతే అందుతలేదు అంటరు కొందరు, అందినా కొడ్తలేడు అంటరు కొందరు.

---

ఎడమకాలు | 22 జూన్

రెండూ నిజమే తమ్ముడూ. విడదీసి చెబుతాను.

అవతలివాళ్లు మనిషికి మనిషి కట్టి ప్రెస్ చేసినప్పుడు కీపర్‌కి దగ్గర పాస్ దొరకదు. పొడుగు బంతే గతి. స్పోర్టింగ్‌లో ఆ పొడుగు బంతి సెంటర్‌బ్యాక్‌కీ ఫుల్‌బ్యాక్‌కీ మధ్య సందులోకి పడేది, యోకెరెస్ భుజంతో తోసుకుంటూ పరుగెత్తి దాన్ని బతికించేవాడు. 2023-24 పోర్చుగల్ లీగ్‌లో అతనికి 29 గోల్స్. ఇక్కడ ఆ బంతి హొయ్‌లుండ్ ఛాతీ మీదికి, నడి మైదానంలో, వీపున సెంటర్‌బ్యాక్‌తో వచ్చింది. అతను గోల్‌కి వీపు పెట్టి బంతి నిలిపే రకం కాదు. ముందుకు పరుగెత్తే రకం. నిలపలేక పోగొడితే ముందుకు వచ్చిన 10లు, వింగ్‌బ్యాక్‌లు అందరూ తప్పు వైపు ఉంటారు, కౌంటర్ మొదలు.

జిర్క్‌జీ దీనికి తలకిందులు. బంతి నిలుపుతాడు, కానీ కిందికి దిగి వస్తాడు. దిగితే అవతలి వెనక వరసను బెదిరించేవాడే ఉండడు, వాళ్లు పది గజాలు పైకి వచ్చి ఆట మొత్తాన్ని కుదిస్తారు. ఒకడికున్నది ఇంకొకడికి లేదు.

ఇక ఫినిషింగ్. డిసెంబర్ నుంచి మార్చి 16న లెస్టర్ మీద కొట్టేదాకా హొయ్‌లుండ్‌కి 21 మ్యాచ్‌లు గోల్ లేదు. ఆ సంఖ్యను పద్ధతి మీదికి నెట్టలేం. ఫిబ్రవరి 2న ప్యాలెస్ మీద మైనూని ముందు ఆడించి చూశారు కోచ్. 0-2. పైగా ఆ మ్యాచ్‌లోనే లిసాండ్రో మోకాలు పోయింది, ఎడమవైపు నుంచి బంతి బయటికి తెచ్చే ఏకైక ఎడమకాలి సెంటర్‌బ్యాక్.

---

ఆఫ్‌సైడ్ అప్పారావు | 22 జూన్

ఇందాకటి నుంచి అందరూ యూరోపా లీగ్ (యూరప్ క్లబ్బుల రెండో స్థాయి కప్పు) సంగతి దాటేస్తున్నారేటి? అదే మనుషులు, అదే పద్ధతి. ఫైనల్ దాకా 14 మ్యాచ్‌లు ఓడలేదు. సోసియెడాడ్ మీద 4-1, లియాన్ మీద 5-4, బిల్బావోలో అథ్లెటిక్ మీద 3-0. స్థానాలకు మనుషులు లేకపోతే ఇవెలా గెలిచారు? గురువారం ఉన్న వింగ్‌బ్యాక్ ఆదివారానికి ఎటు పోతాడు?

---

ఎడమకాలు | 22 జూన్

మంచి ప్రశ్న, కానీ ఆ మ్యాచ్‌లు విడివిడిగా చూడాలి.

బిల్బావోలో 3-0 అన్నారు. మొదటి ఇరవై నిమిషాలు అథ్లెటిక్‌దే. తర్వాత కాసెమీరో గోల్, వివియన్‌కి రెడ్ కార్డు, బ్రూనో పెనాల్టీ. పదిమంది మీద గంటసేపు ఆడారు.

లియాన్ మీద 2-0 నుంచి 2-2కి వచ్చారు. 89వ నిమిషంలో తొలిస్సోకి రెడ్ కార్డు పడ్డాక పదిమంది మీద ఇంకో రెండు గోల్స్ ఇచ్చుకుని 2-4. బ్రూనో పెనాల్టీ 114లో. మైనూ 120లో, మెగ్వాయిర్ 121లో. సెంటర్‌బ్యాక్‌ని స్ట్రైకర్‌గా ముందుకు పంపి గెలిచిన మ్యాచ్ అది. చరిత్రలో నిలిచే రాత్రే, ఒప్పుకుంటాను. కానీ దాన్ని పద్ధతి గెలుపు అంటే 3-4-2-1కే నవ్వొస్తుంది.

యూరప్ జట్లు ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆడటానికి వచ్చాయి, ఖాళీ ఇచ్చాయి. ఖాళీ ఉంటే ఈ జట్టు బాగానే ఉంటుంది. ఫైనల్లో స్పర్స్ ఖాళీ ఇవ్వలేదు. 42వ నిమిషంలో బ్రెనన్ జాన్సన్ గోల్, తర్వాత మొత్తం వెనక్కి. బంతి 70 శాతానికి పైగా మన దగ్గరే. దగ్గరగా వచ్చింది ఒక్కటే, హొయ్‌లుండ్ హెడర్‌ని వాన్ డి వెన్ గీత మీద నుంచి ఎగిరి తన్నాడు. 17వ స్థానంలో ముగిసిన జట్టు ఒకే సీజన్‌లో మనల్ని నాలుగు సార్లు ఓడించింది, నాలుగోది కప్పుతో పాటు.

---

సీతాఫల్మండి_స్వీపర్ | 22 జూన్

గార్నాచోని ఫైనల్ల 71వ నిమిషం దాకా కూసోబెట్టుడు గూడ లెక్కల రాయాలె. మౌంట్ సెమీస్ల రెండు కొట్టిండు నిజమే, గని ఎనకకు జరిగి కూసున్న జట్టు మీద ఒంటిగ ఒకణ్ణి దాటేటోడు కావాలె గదా. దాటెటోడు బెంచి మీదున్నడు.

---

డల్లాస్_డిఫెండర్ | 23 జూన్

ఫైనల్ ఓడటం వల్ల ఛాంపియన్స్ లీగ్ డబ్బు పోయింది, అడిడాస్ ఒప్పందంలో కోత పడుతుంది, మరి వుల్వ్స్ నుంచి కున్యాని కొనడానికి 62.5 మిలియన్ పౌండ్లు ఎక్కణ్ణుంచి?

---

మోడరేటర్ | 23 జూన్

డబ్బు లెక్కలకు, క్లబ్ యజమానులైన గ్లేజర్ల మీద కోపానికి, రాట్‌క్లిఫ్ పొదుపుకి వేరే దారం ఉంది. అక్కడికి వెళ్లండి. ఇక్కడ ఆట.

---

లెక్కల మాస్టారు | 23 జూన్

యూరప్ లేకపోవడానికి ఆటకు సంబంధం ఉంది కాబట్టి ఆ ముక్క చెప్పి వదిలేస్తాను.

2024-25లో యునైటెడ్ ఆడింది 60 మ్యాచ్‌లు. అమోరిమ్ వాటా నవంబర్ 24 నుంచి మే 25 దాకా 42. సగటున నాలుగు రోజులకో మ్యాచ్. డిసెంబర్ ఒక్క నెలలో 9. గురువారం రాత్రి ఆడితే శుక్రవారం ఆడినవాళ్లకు విశ్రాంతి, శనివారం మామూలు నడకతో స్థానాలు చూసుకోవడం, ఆదివారం మ్యాచ్. అందరూ కలిసి పూర్తి వేగంతో ప్రెస్ సాధన చేసే రోజే లేదు. వింగ్‌బ్యాక్ ఎప్పుడు దూకాలి, వెనక సెంటర్‌బ్యాక్ ఎప్పుడు జరగాలి అన్నది బోర్డు మీద గీస్తే రాదు, పదకొండు మంది మీద పదకొండు మంది ఆడి చూస్తేనే వస్తుంది. తాను సీజన్ చివర వస్తానన్నానని, క్లబ్ ఇప్పుడే రావాలందని అమోరిమ్ బయటే చెప్పాడు. ఆ తొందర క్లబ్‌ది.

వచ్చే ఏడాది యూరప్ లేదు. 2014-15 తర్వాత మొదటిసారి. వారమంతా సాధనకే. చెల్సీ 2015-16లో 10వ స్థానం, యూరప్ లేదు. తర్వాతి ఏడాది కోచ్ ఆంటోనియో కాంటే సెప్టెంబర్‌లో ఆర్సెనల్ చేతిలో 0-3 ఓడాక వెనక ముగ్గురికి మార్చాడు, వరసగా 13 గెలిచి లీగ్ కొట్టాడు.

---

ఆఫ్‌సైడ్ అప్పారావు | 23 జూన్

చూశారా! ఆ చెల్సీలో కుడి వింగ్‌బ్యాక్ మోజెస్. వింగర్. తయారుచేశారు. పుట్టు వింగ్‌బ్యాక్ కావాలన్న కృష్ణాతీరం గారి సిద్ధాంతం ఏమైంది?

---

కృష్ణాతీరం_10 | 23 జూన్

వింగ్‌బ్యాక్‌ని తయారుచేయొచ్చు, ఒప్పుకున్నాను. అమాద్‌తో కుడివైపు జరుగుతున్నదీ అదే. ఎడమవైపు అలోన్సోది ఎడమకాలు, అది మర్చిపోకండి. కానీ అసలు సంగతి మధ్యలో ఉంది అప్పారావు గారూ. ఆ జట్టులో ఇద్దరు మిడ్‌ఫీల్డర్లలో ఒకడు కాంటే. ఎన్గోలో కాంటే. పేరు ఒకలాగే ఉంది, కోచ్ వేరు, ఆయన వేరు. ముగ్గురి మీద ఇద్దరు నిలబడాలంటే అలాంటివాడు ఒకడుండాలి. మనకి ఉగార్టే ఆ పరుగు సగం పెడతాడు, బంతి చేతికొచ్చాక ముందుకు పాస్ లేదు. కాసెమీరో వసంతంలో బాగా కోలుకున్నాడు, కానీ వెనక్కి తిరిగి పరుగెత్తాల్సి వస్తే 33 ఏళ్లు కనబడతాయి.

---

ఎడమకాలు | 23 జూన్

బ్రూనోని కిందికి దింపడం గురించి ఎవరూ మాట్లాడలేదు. సీజన్ రెండో సగంలో తరచుగా అతనే మధ్య జోడీలో ఒకడు. లాభం: వెనక నుంచి బంతి ముందుకు వెళ్లే దారి దొరికింది. అన్ని పోటీల్లో 19 గోల్స్ కొట్టినవాడు, దూరం నుంచే ఆటను తిప్పగలడు. నష్టం: అతను తన చోట నిలవడు. బంతి ఎటుంటే అటు వెళ్తాడు, 10గా అది సుగుణం, ఇద్దరిలో ఒకడిగా అది చిల్లు. అతను ముందుకు పోయి బంతి పోతే వెనక ఒక్క కాసెమీరో.

కున్యా వచ్చాడు కాబట్టి ఎడమవైపు 10 అతనిది. వుల్వ్స్‌లో ఆడిన చోటే, కుడికాలితో లోపలికి తిరిగి కొట్టే చోటు. అప్పుడు బ్రూనో ఇంకా కిందే ఉండాల్సి వస్తుంది. అంటే డబ్బు ముందు భాగం మీద పెడుతున్నారు, చిల్లు మధ్యలోనే ఉంటోంది. ఒక మిడ్‌ఫీల్డర్‌ని కొనకుండా ఈ వేసవి ముగిస్తే అక్టోబర్‌లో ఇదే దారం మళ్లీ తెరవాలి.

---

సిరిసిల్ల_స్ట్రైకర్ | 23 జూన్

కీపర్ సంగతి? ఒనానా తప్పులే ఎక్కువ కదా?

---

సీతాఫల్మండి_స్వీపర్ | 24 జూన్

ఒక్క ఒనానాతోని అయిపోలే తమ్మీ. బ్రైటన్ మీద మూడో గోల్, లియాన్ల రెండు గోల్స్ ఆయన ఖాతానే. గందుకే న్యూకాసిల్ మ్యాచ్‌కు పక్కన పెట్టి బయిందిర్‌ని దింపిండ్రు. బయిందిర్ ఏం జేసిండు, తిన్నగ జోయెలింటన్‌కే పాస్ ఇచ్చిండు, గిమరాయెస్ నాలుగోది కొట్టిండు. 1-4. కీపర్ కాలుతోని ఆడాలంటరు, ముంగట పాస్ తీస్కునేటోడు ఎవడు? ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు ఆల్రెడీ మూసేసి ఉంటరు. కీపర్‌ని మార్చాల్సిందే, గని మార్చంగనే అయిపోదు.

---

లెక్కల మాస్టారు | 24 జూన్

తొలి గోల్ ఇచ్చుకోవడంలో ఇంకో పెద్ద వాటా సెట్‌పీస్‌లది (కార్నర్లు, ఫ్రీకిక్‌లు). డిసెంబర్ ఒక్కటే చూడండి. 4న ఆర్సెనల్ రెండు గోల్స్ కార్నర్ల మీదే (టింబర్, సలీబా). 7న ఫారెస్ట్ మిలెంకోవిచ్ కార్నర్. 19న లీగ్ కప్‌లో సన్ కార్నర్ నుంచి నేరుగా. 22న బోర్న్‌మౌత్ హుయిసెన్ ఫ్రీకిక్ మీద హెడర్. 26న కున్యా మళ్లీ కార్నర్ నుంచి నేరుగా. వారంలో రెండు సార్లు కార్నర్ ఎవరికీ తగలకుండా గోల్‌లోకి పోవడం ఎక్కడైనా చూశారా?

---

ఆఫ్‌సైడ్ అప్పారావు | 24 జూన్

దీనికి కూడా మిడ్‌ఫీల్డ్ జోడీయే కారణమంటారా కృష్ణాతీరం గారూ?

---

కృష్ణాతీరం_10 | 24 జూన్

అనను. అది శుద్ధ కోచింగ్ తప్పు. మన కార్నర్ నుంచి ఎదురుదాడి తిన్నదీ అంతే. ఏప్రిల్ 1న ఎలాంగా సొంత సగం నుంచి ఒంటరిగా పరుగెత్తి కొట్టాడు, మన కార్నర్ తిరగబడి. వెనక కాపలా సరిపోలేదు.

---

ఎడమకాలు | 24 జూన్

ఇన్‌స్వింగర్ (గోల్ వైపు వంగే కార్నర్) మీద ఏం జరిగిందంటే, అవతలివాళ్లు ఇద్దరు ముగ్గురు కీపర్ చుట్టూ ఆరు గజాల పెట్టెలో గుంపు కడతారు. మనవాళ్లు ఎక్కువమంది జోన్‌లో (మనిషిని కాక చోటును కాస్తూ), బంతిని చూస్తూ నిలబడతారు. కీపర్ని అడ్డుకునేవాణ్ణి తొలగించే పని ఎవరికీ అప్పగించలేదు. రిఫరీ ఊదడని తెలిశాక ప్రతి జట్టూ అదే చేసింది.

కొత్త షెడ్యూల్‌లో మొదటి మ్యాచ్ ఆగస్టు 17న, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో, మళ్లీ ఆర్సెనల్. కార్నర్ల మీద బతికే జట్టు. ఆ రోజుకి ఇంత చాలు: కీపర్ ముందు ఒకణ్ణి పెట్టాలి, అతని పని బంతి కాదు, అడ్డొచ్చేవాడి నడుము. దగ్గరి స్తంభం దగ్గర ఒకడు, వాడికి రెండు గజాల ముందు గాల్లో గట్టివాడు ఇంకొకడు, అంటే మెగ్వాయిర్ లేదా డి లిఖ్ట్. సలీబా, గాబ్రియెల్ ఇద్దరికీ మనిషికి మనిషి. మిగతా ముగ్గురు ఆరు గజాల గీత మీద జోన్. రెండో బంతికి పెట్టె అంచున ఒకడు, ఎదురుదాడికి ఒకణ్ణి పైన వదిలితే వాళ్ల వెనకవాళ్లు ఇద్దరు కదలరు.

---

సీతాఫల్మండి_స్వీపర్ | 24 జూన్

మెగ్వాయిర్‌ని దగ్గరి స్తంభం కాడ పెడితే గాబ్రియెల్‌ని ఎవరు పట్టుకుంటరు? యోరోనా? బరువు సాలదు అన్నా.

---

ఎడమకాలు | 24 జూన్

డి లిఖ్ట్ గాబ్రియెల్‌కి, యోరో సలీబాకి. దగ్గరి స్తంభం మెగ్వాయిర్‌దే. కాసెమీరో ఆడితే జోన్ ముగ్గురిలో మధ్యవాడు అతనే.